తూర్పు ఒడ్డు మీద మబ్బు

జులై 3

పొట్టీ,

మీ అన్న నిన్ను పిలిచే పేరుతోనే మొదలుపెడుతున్నాను. నా నోటికొస్తున్న పేర్లు కాగితం మీద పెట్టదగ్గవి కావు. ఫోనెత్తితే మూడో మాటకే ఇద్దరం అరుచుకుంటాం, మధ్యలో మీ అన్న రాయబారం నడపలేక చస్తాడు, కాబట్టి అసలైన సంగతులు ఉత్తరాల్లోనే తేల్చుకుందామని మన ఒప్పందం. ఇది అసలైన సంగతి.

నిన్న బడి నుంచి వచ్చేసరికి మన ప్రహరీ గోడ మీద ఎర్ర రంగుతో ఒక అంకె వేసి ఉంది. గేటుకి కాగితం అంటించి ఉంది. ‘జలవనరు పరిధిలోని అనధికార నిర్మాణం’ అట. ఇరవై రెండేళ్లుగా నేను ఇల్లు అనుకుంటున్నది అనధికార నిర్మాణమనీ, వంటింటి కిటికీలోంచి కనిపించే చెరువు జలవనరనీ నిన్ననే తెలిసింది. ప్లాను మంజూరు చేసినవాళ్లకీ, ఏటా పన్ను కట్టించుకున్నవాళ్లకీ, కరెంటు ఇచ్చినవాళ్లకీ ఇన్నేళ్లూ ఈ ఇల్లు నీళ్లలో ఉన్నట్టు తెలియలేదు. ఈదుకుంటూ వచ్చి మీటరు రీడింగు తీసుకెళ్లారు కాబోలు.

వీధి మొత్తానికి అంకెలు పడ్డాయి. సెప్టెంబరు మొదట్లో విచారణ, ఆ తర్వాత కూల్చివేత. ఆధారం ఏమిటయ్యా అంటే, ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసిన హద్దు పటం. అడుగున మీ సెంటరు పేరు.

పైనుంచి తీసిన బొమ్మల్లో ఎక్కడ నీళ్లు, ఎక్కడ పైరు, ఎక్కడ కాంక్రీటు అని విడదీసి, ఏయే చెరువు ఎంతెంత కుంచించుకుపోయిందో లెక్కకట్టడం నీ ఉద్యోగం. మా తొమ్మిదో తరగతి పిల్లలకి నీ గురించి గర్వంగా చెప్పాను కూడా. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఈ గీత నువ్వు గీసిందేనా?

మీ అన్న నోటీసు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మేడెక్కి నీళ్ల ట్యాంకు కడగడం మొదలుపెట్టాడు. “కూలగొట్టే ఇంటికి ట్యాంకు కడగడమేంటండీ?” అని అరిచాను. “ఇవాళైతే తాగుతున్నాం కదా” అన్నాడు పైనుంచి. డిపోలో ముప్పై ఏళ్లు బస్సుల కింద పడుకుని పనిచేసిన మనిషి, మాటలు కూడా బోల్టుల్లా ఒక్కొక్కటే చేతికిస్తాడు.

ఇందులో అసలు ఎగతాళి ఏంటో తెలుసా? నాలుగేళ్ల కిందట చెరువుని కాపాడమని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది నేను. ‘పటాలు పోయాయంటున్నారు, కాబట్టి లంచం తీసుకోని సాక్షి చేత కొలిపించండి, ఆకాశం నుంచి కొలిపించండి’ అని అర్జీలో రాసింది నేను. కొలిపించారు.

ఇప్పటికైతే,
నీ వదిన


జులై 11

వదినా,

నీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. ఇకమీద ఇంటికే రాయి. నేను ఈ విషయం నీతో మాట్లాడకూడదు, మాట్లాడుతున్నానని తెలియకూడదు. అయినా రాస్తున్నాను.

గీత నేను గీయలేదు. గీసినవాళ్ల పని సరిచూసే జట్టు నాది. మాకు చెరువులు పేర్లతో రావు, సంఖ్యలతో వస్తాయి. కొన్ని వందల చెరువులు. వాటిలో ఒకటి మీ వంటింటి కిటికీలోంచి కనిపించేదని నాకెలా తెలుస్తుంది? తెలిసి ఉండాల్సింది అంటావు. తిట్టు, పడతాను.

ఒక మాట మాత్రం చెప్పనివ్వు. చెరువు నిజంగానే పోతోంది వదినా. మన కంటికి కనిపించని ఒక రకం వెలుతురు ఉంటుంది. నేల దాన్ని తిప్పికొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. అందుకని ఆ బొమ్మలో నీళ్లున్నచోట నల్లగా ఉంటుంది. ముప్పై ఏళ్ల బొమ్మలు వరసగా పెట్టి చూశాను. ఆ నలుపు ఏటేటా అంచులు కొరుక్కుతిన్నట్టు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు మూడోవంతు మిగిలింది. నువ్వు అర్జీ పెట్టింది తప్పు కాదు.

మీ ఇల్లు నా తెర మీద ఎంతో తెలుసా? పాత బొమ్మలో ఒక్కో గడి ముప్పై మీటర్లు. మీ ఇల్లూ, పక్కన దర్జీ ఇల్లూ, ముందున్న రోడ్డూ కలిపి ఒకే గడి, ఒకే రంగు. అందులో అన్నయ్య ట్యాంకు కడగడం కనిపించదు. ఆ గడిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పక్క కుర్చీ ఆవిడ “కంట్లో ఏమన్నా పడిందా?” అని అడిగింది.

వివరాలు తవ్వి చూస్తాను. టైము పడుతుంది. ఈలోగా అన్నయ్యని కొన్నాళ్లు నా దగ్గరికి పంపు. ఇక్కడ గది చిన్నదే, నీళ్లు ట్యాంకరుతోనే వస్తాయి, అయినా సర్దుకుంటాం. ఆయన గుండె సంగతి నీకు తెలుసు కదా.

పొట్టి


జులై 17

ఆడపడుచు గారికి,

అన్నయ్యని పంపమన్నావు. అర్థమైంది. మా ఇల్లు పోతుందని నీకు ఖాయంగా తెలుసు. ఆ గోడలు పడేటప్పుడు మీ అన్న కళ్లబడకూడదు. వదిన చూసినా ఫర్వాలేదు, వదినకి గుండె లేదు కదా! ఇంత నాజూగ్గా మరణవార్త చెప్పడం ఏ కోర్సులో నేర్పించారు?

ఉత్తరం చదివి వినిపించాను. మీ అన్న ఏమన్నాడో తెలుసా? “సామాను ముందు పంపాలా, నన్ను ముందు పంపాలా, అడుగు” అన్నాడు. అని, పనిముట్ల పెట్టె తీసి స్పానర్లు సైజుల వారీగా గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. నిన్న అలమరా కూడా ఖాళీ చేశాడు. రాత్రి భోజనానికి కంచాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇదీ నీ సానుభూతి చేసిన పని.

ఇప్పుడు విను. మీ అద్దాల గది నుంచి కనిపించనిది నేను చెప్తాను. నిన్న సాయంత్రం కట్ట మీద నడుచుకుంటూ తూర్పు ఒడ్డుకి వెళ్లాను. నాకు మోకాలు నొప్పి, అయినా వెళ్లాను. అక్కడ పదేళ్ల కిందట లేచిన ఆఫీసు భవనాలున్నాయే, నీలం అద్దాలవి, వాటి పక్కన క్లబ్బు, చెరువులోకి చొచ్చుకొచ్చిన చెక్క వంతెన, దాని మీద గొడుగుల కింద కుర్చీలు. లారీలతో మట్టి తోలి చెరువుని పూడుస్తుంటే మా బడి పిల్లలు కిటికీల్లోంచి లారీలు లెక్కపెట్టేవాళ్లు. ఆ గోడల మీద ఒక్క ఎర్ర అంకె లేదు. ఒక్కటంటే ఒక్కటి. గేటు దగ్గర కాపలా మనిషిని అడిగాను, “మీకు నోటీసు రాలేదా నాయనా?” అని. “మాది హద్దుకి అవతలమ్మా” అన్నాడు. నీళ్లు అతని చెప్పులకి నాలుగడుగుల దూరంలో ఉన్నాయి!

మా గడప నుంచి నీళ్లు ఎంతో దూరం, మేము చెరువులో ఉన్నాం. వాళ్ల కుర్చీ కాళ్లు నీళ్లలో ఉన్నాయి, వాళ్లు ఒడ్డున ఉన్నారు. నీ ఉపగ్రహం పడమటి వైపే చూస్తుందా? మెడ పట్టేసిందా దానికి? శాస్త్రం పక్షపాతం లేనిది అని నువ్వు నీ చిన్నప్పటి నుంచీ నాకు పాఠం చెప్తున్నావు. శాస్త్రానికి లేకపోవచ్చు, దాన్ని అద్దెకి తీసుకున్నవాడికి ఉంటుంది. పేదవాడి గోడకి గీత ఎప్పుడూ ఇంత ఖచ్చితంగా ఎలా తగులుతుందో మీ సెంటరువాళ్లు ఒక పరిశోధన చేయకూడదా?

మీ అన్న ఎక్కడికీ రాడు. నేను పంపను.

వదిన


జులై 29

వదినా,

అన్నయ్యని రమ్మన్నది నేను భయపడి. నాకేమీ తెలిసి కాదు. ఆయన పెట్టె విప్పమని చెప్పు.

నువ్వు తూర్పు ఒడ్డు అన్నావు కాబట్టి అక్కడే చూశాను. తప్పు దొరికింది.

హద్దు గీయడానికి తీసుకున్నది ఇరవై ఏడేళ్ల కిందటి బొమ్మ, చెరువు నిండా ఉన్న ఏడాది, అక్టోబరు నెల. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ రోజు తూర్పు ఒడ్డు మీద మబ్బు పట్టింది. మబ్బుంటే మా ఉపగ్రహానికి కింద ఏముందో కనిపించదు, తెల్లగా దూదిలా ఉంటుంది. అలాంటిచోట మేమేం చేస్తామంటే, మబ్బు ఉన్నంత ముక్క కోసేసి, అదే ఏడాది వేరే నెలలో తీసిన తేటగా ఉన్న బొమ్మలోంచి అంతే ముక్క తెచ్చి అతికిస్తాం. రంగులు సరిపెడతాం, అంచులు కలిపేస్తాం. అతుకు కనిపించకపోతే పని బాగా చేసినట్టు. రోజూ చేసే పనే, అన్ని దేశాల్లోనూ ఇలాగే చేస్తారు. పంటల విస్తీర్ణానికో, అడవుల లెక్కకో అయితే ఏ ఇబ్బందీ లేదు.

ఇక్కడ తెచ్చి అతికించింది మే నెల ముక్క. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయి, ఒడ్డు తేలి ఉన్నప్పటిది. అంటే మీ పటంలో పడమటి సగం అక్టోబరు చెరువు, తూర్పు సగం మే చెరువు. అలాంటి చెరువు భూమ్మీద ఏ రోజూ లేదు.

చేసింది కొత్తగా చేరిన పిల్ల. కుట్ర కాదు వదినా, పద్ధతి. దాన్ని సరిచూసి బాగుందని పంపింది నా జట్టు. ఆ వారం నేను సెలవులో ఉన్నాను, అయినా జట్టు నాదే.

డైరెక్టరు గారికి చెప్పాను. రెండు వైపులా ఒకే నెల ఉండేట్టు గీత మళ్లీ గీయాలన్నాను. ఆలోచిద్దామన్నారు. దయచేసి ఇది నీలోనే ఉంచుకో.

పొట్టి


ఆగస్టు 6

మా బంగారు పొట్టీ,

నువ్వు రాసిన ‘గీత మళ్లీ గీయాలి’ అన్న వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్తే నవ్వుతావు. మీ అన్నకి పైకి చదివి వినిపించాను. వెంటనే వెళ్లి స్పానర్లు విప్పుకున్నాడు. సాయంత్రం నీ గురించి ఒక అబద్ధం కూడా చెప్పాడు, నువ్వు చిన్నప్పుడు లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు అని. నాకు నీ మార్కులు తెలుసు.

మబ్బు! చూశావా, నీ ఉపగ్రహం లంచం తీసుకోలేదు, ఒక మబ్బు తీసుకుంది. ఆ మబ్బు మాత్రం ఎక్కడ ఆగాలో బాగా తెలిసిన మబ్బు. కుట్ర కాదు, పద్ధతి అంటావు. నేనూ అదే అంటున్నాను. కుట్రయితే చేసినవాణ్ణి పట్టుకోవచ్చు. పద్ధతిని ఏ స్టేషనుకి లాక్కెళ్తాం? ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు, అందరూ తమ పని సక్రమంగా చేస్తారు, చివరికి బుల్డోజరు వచ్చి దర్జీ ఇంటి ముందే ఆగుతుంది.

వీధిలో జనం నిన్నటి నుంచీ కాస్త ఊపిరి పీల్చుకుంటున్నారు. దర్జీ తన గోడ మీద అంకెని సున్నం కొట్టి చెరిపేశాడు. రిటైర్డు కండక్టరు గారు “టికెట్టు తప్పు కొడితే రద్దు చేసి కొత్తది ఇవ్వాలి, అదే రూలు” అని అందరికీ ధైర్యం చెప్తున్నారు. మన ఇల్లు నిలబడింది పొట్టీ. ఇవాళ కంచాలు మళ్లీ అలమరాలో సర్దాను.

నీ వదిన (పూర్తిగా)


ఆగస్టు 13

వదినా,

ఇల్లు నిలబడిందని నీకెవరు చెప్పారు? నేను చెప్పలేదు. నా ఉత్తరం మళ్లీ చదువు. గీత మళ్లీ గీయాలన్నాను. అది మీ ఇంటికి చెరువు వైపున పడుతుందని ఎక్కడా అనలేదు.

మొన్న డైరెక్టరు గారు పిలిచి తలుపు వేశారు. “ఆ కాలనీలో ‘లోపల మా మనిషి ఉంది’ అని చెప్పుకుంటున్నారట. ఎవరమ్మా ఆ మనిషి?” అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, మా అన్న ఇల్లు అక్కడ ఉందని. ముందే చెప్పి ఉండాల్సిందన్నారు. నిజమే. నీలోనే ఉంచుకోమని నిన్ను బతిమాలుకున్నాను వదినా. నువ్వు బడిలో పాఠం చెప్పినట్టు వీధిలో చెప్పావు.

ఇప్పుడు సరిగ్గా విను. తొందరపడి సగం చదివి లేచిపోకు.

తప్పు దిద్దడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రెండు వైపులా అక్టోబరు గీత. అదే నెలాఖరున మబ్బు లేని రోజు తీసిన బొమ్మ ఇంకొకటి ఉంది, నేనే వెతికి పట్టుకున్నాను. అది వేస్తే అద్దాల భవనాలూ క్లబ్బూ చెరువులోకి వస్తాయి. మీ వీధి ఇప్పుడున్నట్టే చెరువులోనే ఉంటుంది. పడమటి వైపు గీతలో తప్పు లేదు వదినా. అక్కడ నీళ్లు ఉండేవి. మీకు ప్లాను ఇచ్చినవాడు నీళ్లని అమ్మాడు.

రెండు, రెండు వైపులా మే గీత. మీ వీధి బయటపడుతుంది, అద్దాలవాళ్లూ బయటపడతారు. అందరూ బయటపడతారు, చెరువు తప్ప. ఎండాకాలపు గుంటే ఇక చట్టప్రకారం చెరువు. ఇప్పుడు ఖాళీగా ఉన్న అంచంతా రేపు ప్లాట్లు. వానాకాలంలో ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? ఎవరి ఇళ్లలోకి? ఆ లెక్క ఎవరూ వేయమనరు.

డైరెక్టరు గారు చాలా సౌమ్యంగా అన్నారు, “మే వేసేద్దామమ్మా. రెండు వైపులా ఒకే నెల. శాస్త్రం ప్రకారం తప్పు పట్టేవాడుండడు. మీ అన్నగారి ఇల్లు కూడా దక్కుతుంది.” అని, నా సంతకానికి చోటు వదిలిన పటం నా ముందుకి జరిపారు. నేను ఇంటికెళ్లి ఆలోచించుకుంటానన్నాను. అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను, అన్నం సహించడం లేదు. ఏం చేయమంటారో మీరిద్దరూ మాట్లాడుకుని రాయండి. మీరిద్దరూ.

పొట్టి


ఆగస్టు 20

పొట్టీ,

ముందు ఒకటి తేలుద్దాం. వీధిలో చెప్పింది నేను కాదు. మీ అన్న. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి కటింగు షాపులో కూర్చుని “మా చెల్లెలు చూసుకుంటోంది” అన్నాడట. చెల్లెలి మీద గర్వం. నన్ను తిట్టినందుకు క్షమాపణ అక్కర్లేదు, ఖాతాలో వేసుకుంటాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను బడికి వెళ్లలేదు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఇరవై ఏడేళ్ల కిందటి అక్టోబరులో నేను నిలబడ్డచోట నీళ్లు ఎంత ఎత్తుండేవో అని చూసుకున్నాను. నడుము దాకా ఉండేవేమో.

వాళ్ల తెలివి చూశావా? దొంగతనం పట్టుబడగానే సొత్తులో మనకి వాటా ఇస్తున్నారు. సంతకం చేస్తే మన నోరు మన ఇంటి గోడలతోనే మూస్తారు. రేపు నేను చెరువు గురించి ఎక్కడ నోరెత్తినా ‘నీ ఇల్లు మే గీత పుణ్యమే కదమ్మా’ అంటారు. నేను పిల్లలకి పౌరబాధ్యతలు అని పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నాను. కాబట్టి జవాబు ఇది. అక్టోబరు గీతే. రెండు వైపులా. కూల్చితే ఒకే రోజు రెండు ఒడ్లూ కూల్చాలి, మోసపోయి కొన్నవాళ్లకి వేరేచోట ఇళ్లు కట్టివ్వాలి, ప్లాన్లు అమ్మినవాళ్లని బోనెక్కించాలి. విచారణలో ఇదే అడుగుతాను.

నువ్వు మే పటం మీద సంతకం పెట్టకు.

వదిన


ఆగస్టు 27

వదినా,

సంతకం పెట్టలేదు. డైరెక్టరు గారు తనే పెట్టారు. నన్ను చెరువుల నుంచి తీసి పంటల విభాగంలో వేశారు. సెప్టెంబరు విచారణకి ఆయనే వస్తున్నారు, మే పటంతో. అక్టోబరు బొమ్మ సంగతి ఆయన నోట రాదు. నన్ను ఎవరూ పిలవలేదు.

నా ముందిప్పుడు చెరకు తోటల బొమ్మలున్నాయి. పచ్చటి పైరు మా బొమ్మల్లో ఎర్రగా పడుతుంది, గడులు గడులుగా, ఎవరికీ హాని లేకుండా.

ఒక్కటి అడగాలి. మీరిద్దరూ మాట్లాడుకుని రాయమన్నాను. నీ ఉత్తరం నిండా నువ్వే ఉన్నావు. అన్నయ్య ఏమన్నాడు?

పొట్టి


సెప్టెంబరు 9

పొట్టీ,

విచారణ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, కోపం తర్వాత పడదాం.

పెద్ద హాలు. మా వీధివాళ్లం ఎడమవైపు బెంచీల మీద, అద్దాలవాళ్ల వకీళ్లు కుడివైపు కుర్చీల్లో. మీ డైరెక్టరు గారు తెర మీద పటం వేసి, “పాత పటంలో సాంకేతిక పొరపాటు దొర్లింది, సవరించాం, రెండు ఒడ్లకీ ఒకే నెల ప్రమాణం” అని గొప్పగా చెప్పారు. కొత్త గీత మా వీధికి అవతల, చెరువు వైపున పడింది. దర్జీ లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. కండక్టరు గారు ఏడ్చేశారు. అవతలి వకీలు వచ్చి మన దర్జీ భుజం తట్టాడు. జీవితంలో మొదటిసారి రెండు ఒడ్లూ ఒకేసారి చప్పట్లు కొట్టాయి. “అభ్యంతరాలున్నాయా?” అని విచారణ కమిటీ ఛైర్మన్ అడిగాడు, కాగితాలు సర్దుకుంటూ.

నేను లేచాను. “ఏ నెలండీ?” అన్నాను.

“ఏమిటమ్మా?”

“ఆ గీత ఏ నెలది? మే నెలది. చెరువు ఎండినప్పటిది. మనిషి లంఖణాల్లో ఉన్నప్పుడు కొలతలు తీసి, జన్మంతా అదే చొక్కా వేసుకోమంటే ఎలా? నిండినప్పుడు కొలవండి.”

“మీ ఇల్లు ఎటువైపమ్మా?”

“పడమర. మీ పాత పటం ప్రకారం నీళ్లలో.”

“కొత్త పటంలో బయట ఉంది కదా. ఇంక మీ బాధేంటి?”

హాలంతా నవ్వారు పొట్టీ. మా బెంచీలవాళ్లు కూడా. నేను చెప్పాల్సినదంతా చెప్పాను. అక్టోబరు అన్నాను, మబ్బు అన్నాను, అతుకు అన్నాను. మీ డైరెక్టరు ఎంతో మర్యాదగా, “ఆవిడ దగ్గర ఆధారమేదైనా ఉంటే సమర్పించవచ్చు” అన్నాడు. నా దగ్గర ఏముంది? ఛైర్మన్ మాత్రం కలం ఆపి, సాంకేతిక ఆధారం ఉంటే ఈ నెలాఖరులోగా ఎవరైనా ఇవ్వొచ్చు, అప్పటిదాకా ఉత్తర్వు ఆపుతున్నాను అన్నాడు. ఆ మాటకి దర్జీ భార్య నా వైపు చూసిన చూపు నువ్వు చూడలేదు. “టీచరమ్మా, మీకు పెన్షనొస్తుంది. మాకు ఈ గోడలే” అంది. పుస్తకాల్లో ఉన్న జవాబు నోట్లోకి రాలేదు. వీధిలో ఇప్పుడు మాతో ఎవరూ మాట్లాడటం లేదు. ఆవిణ్ణి నేను తప్పుపట్టలేను, అదే నన్ను కాల్చేస్తోంది. తోలినవాళ్ల లారీలు, పూడ్చినవాళ్ల మట్టి, అమ్మినవాళ్ల సంతకాలు, చివరికి పోట్లాట మాత్రం ఆవిడకీ నాకూ.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మీ అన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు, “కట్టేటప్పుడు ప్రతి గోడకీ నన్నడిగావు. తలుపు ఎటు పెట్టాలి, మెట్లు ఎటు తిప్పాలి అని. కూల్చేటప్పుడు అడగలేదు.”

నువ్వు రాసిన ప్రశ్నకి ఇదే జవాబు. అన్నయ్య ఏమన్నాడో నాకు తెలియదు పొట్టీ. నేను అడగనే లేదు. వ్యవస్థ మీద ఇన్నేళ్లుగా నేను అరిచే అరుపు ఇదే కదా, మమ్మల్ని అడగకుండా మా మీద గీతలు గీస్తారని.

నా మాట మాత్రం మారలేదు. అక్టోబరే నిజం. ఆ బొమ్మ ఎక్కడుందో నీకు తెలుసు. నేను చెప్తే పంతులమ్మ గొడవ, నువ్వు చెప్తే ఆధారం. రమ్మని అనను. అనడానికి ఇవాళ నాకు మొహం లేదు.

వదిన


సెప్టెంబరు 15

వదినా,

అక్టోబరు బొమ్మ రహస్యమేమీ కాదు, ఎవరు అడిగినా ఇవ్వాల్సిన పాత బొమ్మల్లో అదొకటి. బయటి మనిషి అడిగినట్టే అడిగి, రుసుము కట్టి తెచ్చుకున్నాను. రెండు గీతలూ ఒకే కాగితం మీద వేశాను. పడమటి ఒడ్డున మీ ఇల్లు ఉన్న గడి మీద ‘ఈ నివేదిక ఇస్తున్న మనిషి సొంత అన్న ఇల్లు’ అని నేనే రాశాను, మరొకరు వేలు పెట్టి చూపించేలోపు. సెలవు అడిగితే ఇవ్వలేదు. సెలవు లేకుండానే వస్తున్నాను. తిరిగి వచ్చేసరికి చెరకు తోటలు కూడా ఉండకపోవచ్చు.

శనివారం పొద్దున్న దిగుతాను. సోమవారం ఛైర్మన్ ఆఫీసు తెరుస్తారు. మధ్యలో ఆదివారం ఉంది. ఆ రోజు నువ్వు కాసేపు పక్కింటికో, ఎక్కడికో వెళ్లు. ఎవరూ మాట్లాడటం లేదన్నావు కదా, అయితే కట్ట మీద నడువు. అన్నయ్యతో నేను ఒక్కదాన్నే కూర్చోవాలి. కాగితం ఆయన ముందు పరిచి, ఇది అక్టోబరు, ఇది మే, ఇదిగో నువ్వు కట్టిన ఇల్లు అని చూపించి, ఇవ్వనా అని అడుగుతాను.

వద్దంటే ఏం చేస్తావని నువ్వు అడుగుతావు. వద్దన్నా సోమవారం ఇస్తాను వదినా. ఆయనకి ఆ మాట కూడా ముందే చెప్తాను. కానీ ఆయన వద్దు అనే అవకాశం ఆయనకి ఉండాలి. నా మొహం మీద అనాలి, నేను వినాలి, విన్నాక కూడా లేచి వెళ్లగలనో లేదో నాకు తెలియాలి.

ఒక ముద్ద అన్నం ఎక్కువ వండు. ఆయన నాకు పెడతాడో లేదో మాత్రం ఆయన్నే తేల్చుకోనివ్వు.

పొట్టి